కాదనే వీలు

మామయ్య ఆ రోజు ఒప్పుకున్నది తన మాట వినేనా, లేక తాను తీసుకెళ్లిన యంగోనా వేళ్ల కట్టను చూసేనా? ఈ అనుమానం అలుమిటాను పదకొండేళ్లుగా వదల్లేదు. వంట చేస్తున్నా, చర్చిలో పాట పాడుతున్నా, ఆసుపత్రిలో ఎవరి కాలికో కట్టు కడుతున్నా, ఉన్నట్టుండి లోపల ముల్లులా కదిలేది. ఆమె దాన్ని తడిమి చూసుకుని, మళ్లీ పనిలో పడేది.

అలుమిటా దూరపు సముద్రంలోని దీవుల్లో, పట్నంలోని పెద్దాసుపత్రిలో నర్సు. చక్కెర జబ్బువాళ్ల కాలి పుండ్లు చూసే గదిలో పని. పదకొండేళ్ల కిందట ఆ గది పెద్ద, డాక్టర్ కలివతి, ఒక పరిశోధన మొదలుపెట్టాడు. పుండుకు మామూలు కట్టు మంచిదా, తేనె రాసిన కట్టు మంచిదా తేల్చాలి. రోగి ఒక కవరు తీస్తాడు. లోపల చీటీలో ఏది ఉంటే ఆ కట్టు నాలుగు నెలలు. నలభై మంది కావాలి. రెండు నెలలు గడిచినా తొమ్మిది మందే దొరికారు. పట్నంవాళ్లు "ఇంట్లో అడిగి చెబుతాం" అని వెళ్లి మళ్లీ కనిపించేవాళ్లు కాదు.

"మీ అమ్మగారి ఊరు వైనిలోసి కదా సిస్టర్? అక్కడ ఇంటికో పుండు ఉందంటారు," అన్నాడు డాక్టరు.

అమ్మ పుట్టిన ఊళ్లో ఆడపడుచు బిడ్డకున్న అధికారం ఆ దీవుల్లో అందరికీ తెలిసిందే. మేనకోడలు చేయి చాపితే మేనమామ లేదనడు. పంది పిల్లను అడిగినా, కొత్త చాపను అడిగినా చుట్టి ఇచ్చేస్తాడు. అది చాలదన్నట్టు అలుమిటా బజారులో మంచి యంగోనా వేళ్లు చూసి, కట్ట కట్టించి తీసుకెళ్లింది. వట్టి చేతులతో ఏ ఊళ్లోనూ అడుగు పెట్టరాదు. పెద్దల ముందు ఆ కట్ట ఉంచి, వచ్చిన పని విన్నవించుకోవాలి. ఊరి పెద్దాయన కట్టను చేత్తో తాకితే పని అయినట్టే. ఆ తరువాత వేళ్లు దంచి, నీళ్లలో కలిపి, అందరూ తాగుతారు. తాగిన నోటితో ఎవరూ కాదనరు.

పెద్దాయన తాకాడు. అందరూ తాగారు. అప్పుడు అలుమిటా కాగితాలు బయటికి తీసి, ఒక్కొక్క మాటా గట్టిగా చదివింది. "మీకు ఇష్టమైతేనే చేరండి. వద్దంటే మీ వైద్యానికి ఏ లోటూ రాదు. ఫలితం తేలాక మేమే వచ్చి మీకు చదివి వినిపిస్తాం." బాగా చదివావని ఊరివాళ్లు మెచ్చుకున్నారు కూడా. ఆ మధ్యాహ్నం పదమూడు మంది సంతకాలు పెట్టారు.

మామయ్య ఎపరామా కలం పట్టుకుని ఒక్క క్షణం ఆగాడు. "నేను వద్దంటే నీకు అక్కడ చెడ్డపేరు వస్తుందా అమ్మాయ్?" అన్నాడు మెల్లగా.

ఆమె నవ్వేసింది. "వద్దనడానికి ఏముంది మామయ్యా, తేనే కదా!" అంది.

ఆయనా నవ్వి సంతకం పెట్టాడు. ఆ నవ్వును తలుచుకుంటేనే ఆమెకు ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఆయన అడిగింది ఒకటి. తాను చెప్పింది ఇంకొకటి.

ఆసుపత్రిలో ఆమెకు కేకు కోసి టీ ఇచ్చారు. "అలుమిటాను పంపితే సముద్రం కూడా సంతకం పెడుతుంది," అని ఒక హాస్యం పుట్టి ఏళ్ల తరబడి నిలిచింది. నాలుగు నెలలు తిరక్కుండానే మామయ్య కాలి రెండో వేలు నల్లబడితే తీసేశారు. ఆయన కవరులో వచ్చింది తేనె కట్టు.

ఫలితం తేలింది. రెండు కట్లకూ పెద్ద తేడా లేదు. అది ఏదో వైద్య పత్రికలో అచ్చయింది కూడా. అందులో చివరి వరుసలో తన పేరు చూసుకుని అలుమిటా సంతోషించింది. ఊరివాళ్లకు చదవడానికి సొంత భాషలో ఒక పేజీ రాసుకుంది. కానీ మొదట సెలవు దొరకలేదు. తరువాత తుపాను వచ్చి రోడ్డు కొట్టుకుపోయింది. రోడ్డు వేశాక వేలు లేని ఆ పాదం గుర్తొచ్చి కాలు కదల్లేదు. మామయ్య కూడా ఆమె కంట పడకుండా తిరిగేవాడు. అమ్మ చనిపోయినప్పుడు వచ్చి, చావుకు వచ్చినవాళ్ల కోసం వేసిన షెడ్డులో అవతలి కొసన కూర్చుని, పొద్దు గుంకకముందే వెళ్లిపోయాడు. కోపంగా ఉన్నాడనుకుంది ఆమె. ఉండడా మరి, అనుకుంది.

ఇప్పుడు డాక్టర్ కలివతికి జుట్టు నెరిసింది. పోయిన సోమవారం ఆమెను పిలిచి, తిమ్మిరి పట్టిన పాదాలకు కొత్తరకం చెప్పులు పనిచేస్తాయో లేదో చూడాలన్నాడు. అరవై మంది కావాలి.

"వైనిలోసి ఉండగా మనకేం భయం? మీకు ఒక్క మధ్యాహ్నం చాలు," అన్నాడు.

"వెళ్తాను డాక్టర్ గారూ. కానీ ఈసారి యంగోనా తీసుకెళ్లను."

ఆయన పకపకా నవ్వాడు. "తీసుకెళ్లకపోతే ఊళ్లోకి రానిస్తారా?"

"రానివ్వకపోతే అదీ ఒక జవాబే కదండీ."

డాక్టరు నవ్వు ఆపి ఆమె ముఖంలోకి చూశాడు. "మీకు ఒంట్లో బాగానే ఉందా సిస్టర్?" అన్నాడు.

ఆ వారమంతా తెల్లవారు ప్రార్థనలో ఆమె భర్త వాక్యం చదువుతుంటే అలుమిటా మనసు ఎటో పోయేది. దేవదూత మరియ దగ్గరికి వచ్చి కబురు చెప్పాడు. చెప్పి వెంటనే వెళ్లిపోలేదు. ఆ పిల్ల ప్రశ్న అడిగితే జవాబు చెప్పాడు. ఆమె సరేననేదాకా ఉన్నాడు. ఆమె వద్దని ఉంటే? ఆ మాట పాస్టరు గారిని అడగడానికి ఆమెకు ధైర్యం లేదు. కానీ సృష్టి చేసినవాడే ఒక పల్లెటూరి పిల్ల జవాబు కోసం ఆగితే, తేనె సీసా పట్టుకెళ్లిన నేను ఎందుకు ఆగలేకపోయాను ప్రభూ, అని మాత్రం అడిగింది. శనివారం బస్సెక్కింది.

మామయ్య కూతురు తోకసా ఇంటి ముందు కర్రపెండలం చెక్కు తీస్తోంది. ఇద్దరిదీ ఒకే ఈడు. వదినా మరదళ్లు. కలిస్తే కయ్యం, కలవకపోతే నిద్ర పట్టదు.

"ఎవరమ్మా అది? పట్నం దొరసానే!" అని అరిచింది తోకసా. "దారి తప్పావా వదినా? ఇది ఆసుపత్రి కాదు."

"నీ నోరు ఇంకా కుట్టించుకోలేదా? కుట్టడానికే వచ్చా."

"కుట్టు, కుట్టు. ముందు ఆ సంచీలో ఏం తెచ్చావో చూపించు." తోకసా సంచీ లాక్కుని చూసింది. కాగితాలు, బిస్కెట్ల పొట్లం. ఆమె ముఖంలో నవ్వు తగ్గింది. గొంతు తగ్గించి, "యంగోనా ఏదే?" అంది.

"తేలేదు."

"బస్సులో మర్చిపోయావా? కొట్టులో ఉంది, పరిగెత్తి తెస్తానుండు. ఎవరూ చూడలేదులే."

"మర్చిపోలేదు తోకసా. కావాలనే తేలేదు."

తోకసా చేతిలోని కత్తి ఆగిపోయింది. "మీ అమ్మ పోయాక మేం నీకు పరాయివాళ్లమయ్యామా?" అంది. ఈసారి అది వేళాకోళం కాదు.

పక్కింటి గుమ్మంలో ఇద్దరు ఆడవాళ్లు చూస్తున్నారు. అలుమిటా ఒంటి మీద బట్టలు లేనట్టు ముడుచుకుంటూ, వంగి, వట్టి చేతులతో లోపలికి వెళ్లింది. తలుపు దగ్గరే చాప అంచున కూర్చుంది.

ఎపరామా మామయ్య గోడకు ఆనుకుని ఉన్నాడు. ఆమెను చూడగానే ఎడమ పాదాన్ని బట్ట కిందికి లాక్కున్నాడు. ఆమె ముందు చాప మీద ఏమీ లేకపోవడం చూశాడు. చూడనట్టు ముఖం తిప్పుకున్నాడు.

"రా తల్లీ. పెద్దలను పిలిపించనా?"

"వద్దు మామయ్యా. నీతోనే పని."

తోకసా వెనకనించి వచ్చి నిమ్మాకు టీ పెట్టి, వెళ్లకుండా అక్కడే చతికిలబడింది.

"నీకు మర్యాద చెయ్యక కాదు," అంది అలుమిటా. "ఆ రోజు యంగోనా మీ ముందు పెట్టి, మేనకోడల్ని అన్న అధికారం దాని మీద పెట్టి, అప్పుడు ఇష్టమైతేనే చేరండని చదివాను. చేతులు కట్టేసి కౌగిలించుకోమన్నట్టు. నువ్వు అడిగావు కూడా, వద్దంటే నాకు చెడ్డపేరు వస్తుందా అని. నేను నవ్వాను. నీ వేలు పోయింది. నా పేరు అచ్చులోకెక్కింది. నా తప్పు మామయ్యా. నీ ముఖం చూడ్డానికి సిగ్గేసి ఇన్నేళ్లూ రాలేదు."

ముసలాయన రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఏడుస్తున్నాడేమో అనుకుంది.

"నీకు సిగ్గేసిందా," అన్నాడు చేతుల్లోంచే. "నాకు వేసిన సిగ్గులో సగం ఉంటుందా నీది?"

"నీకెందుకు మామయ్యా?"

"తేనె కట్టు నేను ఉంచుకుంటే కదా."

అలుమిటాకు అర్థం కాలేదు.

"తోటలోకి వెళ్తే చీమలే," అన్నాడాయన. "చేమదుంపలు నాటుదామని వంగితే కాలంతా చీమలే."

"చీమలు పట్టి గంతులేసేవాడు," అంది తోకసా. "ఊరంతా నాట్యం చూసింది."

"నువ్వు నోర్ముయ్," అని కూతుర్ని కసిరి, అలుమిటా వైపు తిరిగాడు. "నీకు చెబితే నువ్వు చిన్నబోతావని చెప్పలేదమ్మా. పొద్దున్నే కట్టు విప్పి, సముద్రంలో కడుక్కుని, మా అమ్మ చూపించిన ఆకు నూరి పెట్టుకునేవాణ్ని. బుధవారం ఆసుపత్రికి బస్సెక్కే ముందు కాస్త తేనె రాసి, కొత్త కట్టు కట్టుకుని వచ్చేవాణ్ని. 'బాగా ఉంచుకున్నావా మామయ్యా' అని నువ్వు అడగడం, 'ఆ' అని నేననడం, నువ్వు రాసుకోవడం. అడిగింది మేనకోడలు. తాగింది యంగోనా. నోటితో కాదనలేక చేతులతో కాదన్నాను. దేవుడు చూసి వేలు పట్టుకెళ్లాడు. నీ పరిశోధన నేనే పాడుచేశానని నీకు తెలిసిపోయి రావడం మానేశావనుకున్నా."

"దేవుడు అలా వేళ్లు ఏరుకుంటాడా మామయ్యా?"

"ఏమో. నువ్వు రోజూ వాక్యం చదివేదానివి, నువ్వే చెప్పు."

"కట్టు విప్పేసింది నువ్వొక్కడివేనా?" అని అడిగింది ఆమె.

ఎపరామా తోకసా వంక చూశాడు. తోకసా చాప వంక చూసింది. "తేనె వచ్చిన ఏడుగురిలో ఆఖరిదాకా ఉంచుకున్నవాడు ఒక్కడేనంటారు. వాడికి తోట లేదు," అంది.

రెండు కట్లకూ తేడా లేదు. అచ్చులో ఉన్న ఆ వాక్యం అలుమిటా కళ్ల ముందు తిరిగింది. ఏ ఊళ్లో నర్సమ్మ అది చదివి, ఎవరి పుండుకు తేనె మానేసి ఉంటుందో! ఇన్నాళ్లూ ఒక్క పాదం ముందు సిగ్గుపడితే చాలుననుకుంది.

"ఇది డాక్టరు గారికి చెప్పాలి మామయ్యా. సోమవారమే. అచ్చు వేసినవాళ్లకు రాయించాలి. నీ పేరు ఎక్కడా రాదు."

"నీ పేరు?"

"నాది రావాలి."

"తిడతారా?"

"తిట్టనీ."

ఆయన తలాడించి, "ఇప్పుడెందుకు వచ్చావో చెప్పనే లేదు," అన్నాడు.

ఆమె చెప్పుల సంగతి చెప్పింది. ఆరు నెలలు అవే తొడుక్కోవాలి, నెలకొకసారి రావాలి. చెప్పి, నోరు మూసుకుని కూర్చుంది. నవ్వలేదు, బతిమాలలేదు. పెరట్లో కోడి ఒకటి గొంతు చించుకుంటోంది. మామయ్య పెదవులు రెండుసార్లు కదిలి ఆగిపోయాయి. నుదుట చెమట పట్టింది. ఆ వయసులో కొత్త భాష నేర్చుకుంటున్నవాడిలా ఉన్నాడు.

"వద్దమ్మా," అన్నాడు చివరికి. "నాకు ఇష్టం లేదు." అని, భయంగా ఆమె కళ్లలోకి చూశాడు.

"సరే మామయ్యా," అంది అలుమిటా. ఆ రెండు మాటలూ ఇంత తేలికగా వస్తాయని ఆమెకు తెలియదు. కళ్లు తుడుచుకుంది.

"నన్ను అడగవేం?" అంది తోకసా. "నా కాళ్లకీ తిమ్మిరే. చెప్పులు అందంగా ఉంటే చేరతా, లేకపోతే లేదు. బొమ్మ ఉంటే చూపించు."

"వచ్చేవారం తెస్తా. ఆలోచించుకుని చెప్పు."

"ఆలోచించుకోవాలంట! పెళ్లప్పుడు కూడా నన్ను ఎవరూ ఆలోచించుకోమనలేదు."

ముసలాయన మొదటిసారి గట్టిగా నవ్వాడు. పాదం బట్ట బయటికి వచ్చింది. ఆయన దాచుకోలేదు.

అలుమిటా సంచీలోంచి మడతల దగ్గర పసుపెక్కిన కాగితం తీసింది. "ఫలితం తేలాక వచ్చి చదివి వినిపిస్తామన్నాం. తప్పు ఫలితమే. అయినా ఆ రోజు మీకు మాటిచ్చింది ఇదే. ఎక్కడ తప్పో నువ్వే చెప్పు, పక్కన రాసుకుంటాను."

ఎపరామా గోడ వదిలి నిటారుగా కూర్చుని, వాక్యం వినేటప్పటిలా చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. ఆమె మొదటి వరుస నుంచి చదివింది. "అందరూ చెప్పినట్టే కట్లు ఉంచుకున్నారు" అన్నచోట ఆయన చేయి ఎత్తాడు. ఆమె ఆగి, కలం తీసి, ఆయన చెప్పింది చెప్పినట్టు అంచున రాసుకుని, ముందుకు చదివింది. అలా ఆగుతూ, రాసుకుంటూ, కింద ఉన్న తేదీ దాకా చదివి కాగితం ఆయన చేతిలో పెట్టింది.