ఓడినవాడి గరిటె

లావు గొట్టాన్ని మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని డెల్మాంట్ పెల్కీ పాలడబ్బాతో అందులోకి నీళ్ళు పోస్తున్నాడు. కింద మూత బిగించి ఉంది, పైన సన్నగొట్టం తగిలించే జోడింపు బిగించి ఉంది. అంచుదాకా నిండాక ఆ నీళ్ళన్నీ మళ్ళీ డబ్బాల్లోకి ఒంపాడు. కాగితం మీద వేసిన లెక్కకన్నా ఒక మగ్గు ఎక్కువ వచ్చాయి. ఇంకోసారి పోసి ఇంకోసారి ఒంపాడు. అదే మగ్గు.

"ఛీ, నీ బతుకు చెడ!" అన్నాడు. తిట్టుకున్నది తననే.

ఇన్నేళ్ళూ గొట్టం పొడవూ వెడల్పూ చూసి లెక్క కట్టాడు. మూత లోపలి గుంటనూ జోడింపు లోపలి ఖాళీనీ లెక్కలోకి తీసుకోలేదు. పొద్దున లేస్తే సామాన్ల కొట్లో గొట్టాలు కోసి అమ్మేవాడు, ఆ మూతల్ని బుట్టలకొద్దీ అమ్మినవాడు, వాటి కడుపులో కూడా చోటుంటుందని మరిచిపోయాడు! దుంప ఫిరంగి సంగతి మా ఊళ్ళో పాలుతాగే పసివాడికి కూడా తెలుసు. లావుగొట్టంలో జుట్టుకి కొట్టుకునే స్ప్రే నింపి నిప్పురవ్వ తగిలిస్తే, సన్నగొట్టంలో దిగ్గొట్టిన బంగాళాదుంప ఎగిరిపోతుంది. సన్నగొట్టం లోపలి చోటు లావుదానికన్నా కాస్త ఎక్కువుండాలి. పొట్టిదైతే బలమంతా చప్పుడుకే పోతుంది. మరీ పొడుగైతే దుంప వేగం లోపలే తగ్గిపోతుంది. ఆ మగ్గు నీళ్ళ తేడాకి డెల్మాంట్ ఏటా ఓడుతూ వచ్చాడు. ఈసారి సన్నగొట్టం ఆ మేరకు పొడుగ్గా కోసుకున్నాడు.

ఓడితే పోయేది డబ్బు కాదు, పరువు. దుంపలు తవ్వడం ముగిశాక వచ్చే శనివారం ఊరంతా రైతుల హాల్లో గింజల విందుకి కూర్చుంటుంది. చిక్కుడు గింజల్ని బెల్లప్పాకంతో, పంది కొవ్వు ముక్కతో కుండల్లో ఉడికిస్తారు. ఫిరంగి పోటీలో గెలిచినవాడు బల్ల తలదగ్గర కూర్చుంటాడు. ఓడినవాడు ఏప్రన్ కట్టుకుని ఊరందరికీ గరిటెతో వడ్డించి, కొవ్వు ముక్క గెలిచినవాడి పళ్ళెంలో వెయ్యాలి. పోటీకి మిగతావాళ్ళు రావడం ఎప్పుడో మానేశారు. బావాబావమరుదుల కొట్లాట చూడటానికి మాత్రం అందరూ వస్తారు. కుర్చీ ఎప్పుడూ డెల్మాంట్ భార్య తమ్ముడు రాయిస్ టార్బెల్‌ది. గరిటె ఎప్పుడూ డెల్మాంట్‌ది.

"ఆ గొట్టాన్ని ఒళ్ళో పెట్టుకున్నట్టు నన్నెప్పుడైనా చూశావా?" భార్య వెర్నా గుమ్మంలోంచి దులిపేసింది. "గెలిచి ఏం పొడుస్తావయ్యా?"

"మీ తమ్ముడి చేత్తో ఒక్క గరిటె వేయించుకుంటా. అంతే."

"వాడు వేస్తాడా, నువ్వు తింటావా! భుజం నొప్పన్నావుగా, డాక్టరు దగ్గరికి పోరాదా?"

"రంపం పట్టే ఎడమ భుజం. నొప్పి పుట్టక ఏమవుతుంది?"

మామగారి పొలంలో డెల్మాంట్ కూలివాడిలా దుంపలు తవ్వాడు, పెళ్ళికి ముందూ పెళ్ళి తర్వాతా. ముసలాయన పోగానే పొలం రాయిస్‌కి వచ్చింది. రాయిస్ మొదటి వారంలోనే, "ఇక చాల్లే బావా, కొట్లో ఏదైనా ఉద్యోగం చూసుకో" అన్నాడు. డెల్మాంట్ ఎదురు చెప్పలేదు. ఆనాడు నోటికి రాని మాట ఈనాటికీ గొంతులోనే ఉంది.

పోటీ రోజు పదింటికి రాయిస్ కొట్లోకి వచ్చాడు. బురద బూట్లు విదిలించి తుడిచిన నేలంతా పాడుచేశాడు.

"ఏం గింజల బావా! సన్నగొట్టం పగిలింది, కొత్తది కొయ్యి. ఇదిగో కొలత. రంపానికి పదునుందా, నీ బుర్రలాగే మొద్దా?"

డెల్మాంట్ గొట్టాన్ని బిగించి పెన్సిలుతో గీత పెట్టాడు. రాయిస్ లావుగొట్టం ఎంత పడుతుందో అతనికి తెలుసు. జానెడు తక్కువ కోస్తే చాలు, చప్పుడు తప్ప ఏమీ మిగలదు. రాయిస్ జన్మలో కొలిచి చూసుకునే రకం కాదు. రంపం గీతకి ఇవతల ఒక్క క్షణం ఆగింది. తర్వాత సరిగ్గా గీత మీదే కోశాడు. మంచితనం కాదది, పగ. గొట్టం తగ్గించి కోసి గెలిస్తే రాయిస్ ఓడినట్టు కాదు. వాడు ఓడాలి, వాడి గొట్టంతోనే ఓడాలి.

కోత ముగిసేసరికి ఎడమచెయ్యి మోచేతిదాకా తిమ్మిరెక్కింది.

"చెమటలు కారుతున్నాయేం బావా? ఇప్పటినించే వణుకా? ఏప్రన్ ఇస్త్రీ చేయించుకున్నావా?"

"ఈసారి నీ నడుముకి సరిపోతుందో లేదో చూసుకో" అన్నాడు డెల్మాంట్. రాయిస్ పగలబడి నవ్వుకుంటూ పోయాడు.

మధ్యాహ్నం తవ్వేసిన పొలంలో జనం చేరారు. రాయిస్ ఫిరంగి పేలితే కాకులన్నీ లేచాయి. దుంప రాళ్ళకుప్ప దాటి పడింది. ఈలలే ఈలలు. తర్వాత డెల్మాంట్ తన పొడుగాటి గొట్టాన్ని కుడిభుజానికి ఆనించి పేల్చాడు. దభ్ మంది, అంతే.

"తుమ్మింది, తుమ్మింది!" అని రాయిస్ గంతులేశాడు.

నవ్విన నోళ్ళు అలాగే ఉండిపోయాయి. దుంప రాళ్ళకుప్ప మీదుగా పోయి, ఇంకా పోయి, వాగు ఒడ్డున పొదల్లో పడింది.

"గాలి! గాలి మోసింది దాన్ని!"

"గాలి మన మొహాన కొడుతోందిరా రాయిస్" అన్నారెవరో వెనక నుంచి. రాయిస్ టోపీ తీసి నేలకేసి కొట్టాడు.

హాల్లో ఏప్రన్ కట్టుకోక తప్పలేదు వాడికి. కానీ బల్ల అవతలి చివర నుంచి మొదలెట్టాడు. ఒక్కొక్కరికీ గింజలు లెక్కపెట్టినట్టు వేశాడు. అడగనివాళ్ళకి కూడా రెండోసారి వడ్డించాడు. తలదగ్గర కుర్చీ వైపు చూడనైనా చూడలేదు.

"ఆగు బావా! గెలిచినోడికి ఓపికుండాలి!" అని దూరం నుంచే అరిచాడు. "ఇన్నేళ్ళూ నీ నత్తనడక వడ్డనకి నేను ఆగలేదూ?"

డెల్మాంట్ పళ్ళెం దగ్గరకి లాక్కుని, చెంచా పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. మొహం పాలిపోయింది గానీ పెదవుల మీద నవ్వుంది. వెర్నా అవతలి బల్ల దగ్గర నుంచి చూసి, ఈ మనిషి నవ్వి ఎన్నాళ్ళయిందో అనుకుంది. అతను కళ్ళు మూసుకున్నాడు.

చివరికి రాయిస్ వచ్చాడు, అడుగంటిన కుండ పట్టుకుని.

"పట్టు, గింజల బావా. పళ్ళెం చాపు."

పళ్ళెం బల్ల మీదే ఉంది.

"వినపడట్లా? అప్పుడే అంత పొగరా?" గరిటె నిండా తీసి విసురుగా కుమ్మరించాడు. పొగలుకక్కే గింజలు కొన్ని డెల్మాంట్ చేతి మీద పడ్డాయి. ఆ చెయ్యి కదల్లేదు.

రాయిస్ చేతిలోంచి గరిటె జారింది. వెర్నా కుర్చీ తోసుకుని పరుగెత్తింది.

ఊపిరి లేని ఆ మనిషిని తీసుకెళ్ళాక ఆడవాళ్ళు మాట్లాడకుండా బల్లలు తుడిచారు. ఒకామె తలదగ్గర పళ్ళెం మీద చెయ్యి వెయ్యబోయింది.

"ముట్టుకోకు," అంది వెర్నా. ఏడుపు లేదు ఆ గొంతులో. తమ్ముడి వైపు తిరిగింది. "ముక్క ఏదిరా?"

రాయిస్ ఏప్రన్ ఇంకా విప్పలేదు. వంటగదిలోకి పోయి, తన కోసం మూతకింద దాచుకున్న కొవ్వు ముక్క తెచ్చాడు. గింజల మీద పెట్టాడు. ఏదో అనబోయాడు.

"నోరు ముయ్యి," అంది వెర్నా.

హాలుకి తాళం పడేటప్పటికి బల్ల తలదగ్గర ఆ పళ్ళెం అలాగే ఉంది. గింజలు చల్లారాయి, కొవ్వు ముక్క తెల్లగా పేరుకుంది, పక్కన చెంచా ఎంగిలి కాకుండా మెరుస్తోంది.