పడినావులే

రికార్డింగ్ గదిలో ఆమె నాలుగోసారి కూడా అదే మాట దగ్గర బోల్తా కొట్టింది. గేయంలో "పడినావు! లే!" అని చదవాలి. పడినావు వరకూ బాగానే వచ్చింది. లే మాత్రం గొంతులోనే చతికిలబడింది.

అద్దం అవతల రికార్డింగ్ చేసే పెద్దాయన హెడ్‌ఫోన్స్ సర్దుకున్నాడు. ఇక్కడ ఆడియో పుస్తకాలు చదవడం మొదలుపెట్టిన పన్నెండేళ్ల నుంచీ ఆమె ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తోంది.

"కంగారేం లేదమ్మాయ్. కాసిని గోరువెచ్చటి నీళ్లు తాగు," అన్నాడు.

కంగారు లేకేం, బోలెడంత ఉంది. మెడలో గడ్డ తీసేసి ఏడు నెలలైంది. మాట వస్తుందని డాక్టరు చెప్పినట్టే వచ్చింది, మునుపటి గొంతే రాలేదు. ఒకప్పుడు ఆమె చదువుతుంటే పక్కగదిలో వాళ్లు తొంగి చూసేవారు. ఇప్పుడు గొంతు కాస్త హెచ్చించబోతే చాలు, పాత తలుపులా కిర్రుమంటుంది. ఈ పూట గేయం కుదరకపోతే రేపు ఇంకొకావిడ వచ్చి చదువుతుంది. ఆ సంగతి పుస్తకం వేసేవాళ్లు మర్యాదగానే చెప్పారు. మర్యాదగా చెప్పినందుకే ఆమెకు ఇంకా ఏడుపొచ్చింది.

గేయం తెలియనిదా! బడికెళ్లిన ప్రతివాళ్లకూ నోటికొచ్చిందే. పడినావు! లే! నడువు బాటసారీ! పాఠ్యపుస్తకంలో ఆ ఆశ్చర్యార్థకాలు ఎవరు పెట్టారో గానీ, మాష్టారి బెత్తాల్లా నిటారుగా నిలబడి ఉండేవి. తరతరాల పిల్లలు పిడికిలి బిగించి మరీ అరిచారు. ఈవిడగారూ చిన్నప్పుడు అలాగే అరిచి, బహుమతి కొట్టేసింది.

నీళ్లు తాగుతూ, సరిచూసుకోవడానికి ఇచ్చిన ఆ గేయం తొలి ముద్రణను ముందుకు లాక్కుంది. మెత్తలు వేసిన ఆ గోడల మధ్య బయటి చప్పుడేదీ వినిపించదు. పొద్దున్నో సాయంత్రమో కూడా తెలియదు. పసుపెక్కిన కాగితం మీద అక్షరాలు నీళ్లలో తేలుతున్నట్టు మెల్లగా కదిలాయి. కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. అందులో ఆశ్చర్యార్థకాలు లేవు. ఆ రెండు మాటల మధ్య ఎడమూ లేదు.

పడినావులే, నడువు బాటసారీ
చీకటైనదిలే, నడువు బాటసారీ

ఆమెకు ఒళ్లంతా తేలికైపోయింది. ఇది లేవమని గద్దించే లే కాదు. పోనీలే అన్నప్పటి లే, వస్తుందిలే అన్నప్పటి లే. పడ్డావులే, ఏం పర్లేదు అని ఎవరో పక్కన కూర్చుని, మోకాలికి అంటిన దుమ్ము దులుపుతున్నారు. ఇన్నేళ్లూ ఆ మంచిమనిషి మాటను పట్టుకుని మనమంతా కేకలు పెట్టామా అని నవ్వొచ్చింది. ఆ వెనకే కన్నీళ్లూ వచ్చాయి.

"బాబాయ్, ఇంకొక్కసారి. ఈసారి అరవను మరి."

"నీ ఇష్టం."

రికార్డవుతోందని చెప్పే ఎర్రదీపం వెలిగింది. ఉన్న గొంతుతోనే చదివింది. అందులో గాలి ఎక్కువ, శబ్దం తక్కువ. పడినావులే అన్నప్పుడు అది బాటసారికి చెబుతోందో, తనకే చెప్పుకుంటోందో ఆమెకు తెలియలేదు. గది గోడలు ఎటో దూరంగా జరిగిపోయాయి. ఆస్పత్రి మంచం, నోరు మూసుకుని కూర్చున్న ఏడు నెలలు, అన్నీ ఆ ఒక్క మాట మీద తేలుకుంటూ వెళ్లిపోయాయి.

చరణం అయిపోయింది. అద్దం అవతల బాబాయ్ తల దించుకున్నాడు. ఇక మూటాముల్లే సర్దుకోవాల్సిందే అనుకుంది.

పెద్దాయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. తర్వాత మైకు మీట నొక్కాడు.

"గొంతు పోయింది, గొంతు పోయింది అన్నావు కదే. మరి ఇప్పుడు చదివిందెవరు?"

దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. ఆమె రెండో చరణం అందుకుంది.