బావగారి ఎరువు

మా బావ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాడు. ఏటా ఒక ఆలుగడ్డను తొలిచి, అందులో చక్కెర నీళ్ళు పోసి, పళ్ళెంలో నిలబెట్టి, పళ్ళెంలోని నీళ్ళు గడ్డలోకి ఎక్కడం చూపిస్తాడు. వేరు నీళ్ళు తాగేదీ ఇలాగే, దీన్నే ద్రవాభిసరణ అంటారని కళ్ళు అరమూసి చెబుతాడు, తనే కనిపెట్టినట్టు. నేను నర్సరీలో అంట్లు కడతాను. ఆయన లెక్కలో మట్టి పిసుక్కునేవాణ్ణి.

అక్క పది రోజుల శిక్షణకు వెళ్తూ బాల్కనీలోని నిమ్మ మొక్కను ఆయనకు అప్పజెప్పింది. రోడ్డు కోసం మా పెరటి నిమ్మచెట్టును కొట్టేసే ముందు, నాన్న దాని కొమ్మనొకదాన్ని అడవి నిమ్మ మొదలుకు తన చేత్తో అంటుకట్టాడు. అంటు ముడికి పైన మా చెట్టు, కింద అడవిది. ఇప్పుడు ఆ చెట్టూ లేదు, నాన్నా లేడు. మిగిలింది ఆ ఒక్క కొమ్మే.

"రెండ్రోజులకోసారి చెంబుడు నీళ్ళు పొయ్యండి, అంతే" అని అక్క మూడుసార్లు చెప్పింది.

అంతేతో ఆగితే ఆయన మా బావ ఎందుకవుతాడు. అక్క వచ్చేసరికి కాయలు చూపించాలని గుప్పెళ్ళతో ఎరువు పోశాడు. ఆకులు వాలిపోతే, బలం చాలలేదనుకుని మళ్ళీ పోశాడు. తొమ్మిదో రోజుకు నేను గుర్తొచ్చాను.

వెళ్ళి చూస్తే ఆకుల అంచులు మాడిపోయి ఉన్నాయి. మట్టి మీద తెల్లటి పొర కట్టింది.

"మట్టి తడిగానే ఉంది కదా బావా, మరి మొక్క ఎందుకెండింది?"

"ఏదో తెగులు."

"వేరులో కన్నా మట్టిలో ఉప్పు ఎక్కువైతే నీళ్ళు ఎటు పోతాయి? మీ పాఠమేగా."

"ఉప్పెవరు వేశారు? నేను వేసింది ఎరువు."

ఎరువు నీళ్ళలో కరిగితే వేరుకు అదీ ఉప్పేనని, వేరులో ఉన్న నీళ్ళను కూడా బయటికి లాగేస్తుందని ఆ బుర్రకు తట్టలేదు. ఇరవై రెండేళ్ళుగా జీతం తీసుకుంటున్నది ఆ పాఠానికే. ఆ ఉప్పు పోయేలా కుండీని కుళాయి కింద పెట్టి గంటసేపు కడిగి, అయినా ఇది చచ్చిపోయేలా ఉందన్నాను. వేళ్ళు కుళ్ళిపోతాయని వెనక నిలబడి నాకు క్లాసు పీకాడు.

నెల తర్వాత ఫోన్ చేశాడు. "చిగురేసింది. చచ్చిపోతుందన్నావుగా, వచ్చి చూడు."

వెళ్ళాను. కొమ్మ పుల్లలా ఎండిపోయింది. చిగురు ముడికి నాలుగు వేళ్ళ కింద, అడవి మొదలు నుంచి వచ్చింది. అక్క కుండీ పక్కన కూర్చుని ముడి మీద వేలు పెట్టి ఉంది.

"ముడి కింద నుంచి వచ్చిందండీ" అంది.

"ఎక్కణ్ణించొస్తేనేం, నిమ్మేగా."

 

"నాన్నది పోయింది. ఇది మీదే. కాలేజీకి పట్టుకెళ్ళి పిల్లలకు చూపించండి" అంది అక్క నెమ్మదిగా.

బావకు ఆ ఆలోచన తెగ నచ్చింది. మర్నాడే కుండీని సంబరంగా మోసుకుపోయాడు.