దారం కొరికిన పన్ను

“పీకించేయ్. పన్నే కదా, ప్రాణవా?” అన్నాడు లోవరాజు, మజ్జిగన్నంలోకి మాగాయ టెంక చీకుతూ. “ఇంట్లో కూచుని లేసు అల్లుకునేదానివి. నీ పన్ను ఎవరు చూత్తారే?”

వెంకటదుర్గకి ఒళ్ళు మండిపోయింది. మండదూ మరి? నెల్లాళ్ళ నుంచి ముందు పన్ను జివ్వుమని లాగేస్తోంది. చల్లటి నీళ్ళు తాగలేదు, వేడి టీ తాగలేదు. నవ్వొస్తే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటోంది. ఆ పొద్దున్నే బస్సెక్కి నరసాపురం వెళ్ళి పళ్ళ డాక్టరుకి చూపించుకుని, ఎండలో పడి ఇంటికొచ్చి, మొగుడికి వడ్డించి, డాక్టరు చెప్పిందంతా పూసగుచ్చినట్టు చెప్తే, ఆ మహానుభావుడు అన్న మాట అది.

డాక్టరు మణిశంకర్ కుర్రాడే. కుర్చీలో వెనక్కి వాల్చి, చిన్న అద్దం లోపల పెట్టి చూసి, “ఇది ఉత్త పుచ్చు కాదమ్మా. పన్ను అంచు కోత పడ్డట్టు అరిగిపోయింది. అరిగినచోట పుచ్చు పట్టింది. ఈ పంటితో ఏం కొరుకుతారు మీరు?” అని అడిగాడు.

“దారం అండి. లేసు దారం.”

“ఎప్పట్నుంచి?”

“లేసు పట్టిన కాడ్నుంచీ అండి. చిన్నప్పుడే పట్టాను.”

అతను అద్దం తీసి పక్కన పెట్టాడు. పీకేస్తే వంద రూపాయలతో అయిపోతుందన్నాడు. వెండి సిమెంటు చవకే గానీ అది దవడ పళ్ళకి వేసేదట. ముందు పంటికి నిలబడదు, నిలబడినా నల్లగా కనబడుతుంది. పంటి రంగులో కలిసిపోయే ఫిల్లింగు వేయించుకుంటే పన్ను దక్కుతుంది, కానీ ఆరొందలు.

ఆరొందలు! రెండు నెలలు నడుం విరిగేలా అల్లినా చేతికి రాని డబ్బు. దుర్గ నోరు ఊరుకోలేదు. “నా పంటి రంగు నాదే కదండీ! దానికి మళ్ళీ నేనెందుకు డబ్బులిచ్చుకోవాలి?” అనేసింది. డాక్టరు నవ్వాడు. ఆ మందు విదేశాల నుంచి రావాలమ్మా, దాన్ని గట్టిపరిచే లైటుకే ఇంకా అప్పు తీరలేదు అన్నాడు. మా లేసు విదేశాలకి వెళ్ళేటప్పుడు మాత్రం అంత చవగ్గా ఎలా వెళ్ళిపోతోందండీ అని నోటిదాకా వచ్చింది గానీ, అతని మీద అరిచి లాభమేముందని మింగేసింది.

మింగిన కోపం ఎక్కడికి పోతుంది? ఇదిగో, ఇప్పుడు లోవరాజు మీద పడింది.

“మొన్న నీ లూనాకి రంగేయించావే, రంగు లేక అది నడవనందా?”

“బండి నలుగురూ చూత్తారే.”

“అదీ సంగతి! నీ బండి నలుగురూ చూత్తారు. నన్ను చూసేవోళ్ళు లేరు. ఇరవయ్యేళ్ళుగా ఎదురుగా కూచుని తింటున్నావు, నువ్వూ చూడవా?”

లోవరాజు కంచంలోనే చెయ్యి కడిగేసుకుని, రొయ్యల చెరువు కాపలాకి టైమైందని లూనా ఎక్కి పోయాడు. దాని రంగు మాత్రం బాగానే ఉంది.

ఆ ఊళ్ళో ఆడవాళ్ళకి దారం ఇచ్చేదీ, అల్లిన ముక్క తీసుకుని డబ్బులిచ్చేదీ సంపూర్ణమ్మ. నరసాపురం కంపెనీ నుంచి దారం ఉండలు తెచ్చి ఇంటింటికీ పంచుతుంది. ఒకళ్ళు పువ్వులు అల్లుతారు, దుర్గలాంటి చెయ్యి తిరిగినవాళ్ళు ఆ పువ్వుల్ని కలిపి టేబుల్ క్లాత్‌గానో దుప్పటిగానో అతుకుతారు. అతికిన ప్రతి పువ్వు దగ్గరా దారం కొస మిగులుతుంది. దాన్ని ముడి దగ్గరంటా తెంపాలి. కత్తెరతో తెంపితే ఏమవుతుంది అంటారేమో. ఎప్పుడో ఒకావిడ కత్తెర జారి పూరేకు తెగ్గోసిందట. అప్పట్నుంచీ సంపూర్ణమ్మ రూలు పెట్టింది: లేసు దగ్గర కత్తెర కనబడిందా, ముక్క వాపసు. అందుకని ఊరు ఊరంతా పళ్ళతో కొరుకుతుంది. ఆ ఊళ్ళో లేసు అల్లే ఆడదాన్ని నవ్వమంటే చాలు, ఎన్నేళ్ళ పనో తెలిసిపోతుంది.

దుర్గ వెళ్ళేసరికి సంపూర్ణమ్మ డాబా వరండాలో కూర్చుని దారం తూస్తోంది.

“అత్తా, ఆరొందలు అడ్వాన్సు కావాలి. పన్ను బాగుచేయించుకోవాలి.”

“పన్నుకి ఆరొందలా! నీకేవన్నా మతిపోయిందేంటే?” సంపూర్ణమ్మ బుగ్గలు నొక్కుకుంది. “నేనూ కొరికినదాన్నే. అన్నీ ఊడిపోయాయి. కట్టుడు పళ్ళు పెట్టించుకున్నాను, హాయిగా ఉన్నాను.”

“నాకింకా నలభై నిండలేదత్తా!” అంది దుర్గ. గొంతు పైకి లేచిందని ఆమెకే తెలిసింది. తగ్గించలేదు. “అన్నీ ఊడేదాకా కూచోమంటావా?”

సంపూర్ణమ్మ ఎగాదిగా చూసింది. దుర్గ అతికినంత సాపుగా ఆ ఊళ్ళో ఇంకెవరూ అతకలేరని ఆమెకీ తెలుసు. చివరికి ఒక పెద్ద దుప్పటి పని నెత్తిన పెట్టి, నెల తిరక్కుండా అతికి ఇచ్చేయాలని ఒట్టేయించుకుని, డబ్బు లెక్కపెట్టి ఇచ్చింది.

మర్నాడు డాక్టరు నకిలీ పళ్ళు వరసగా గుచ్చిన పట్టీ ఒకటి తీసి దుర్గ పంటి పక్కన పెట్టి, ఒక్కొక్కటే సరిచూశాడు. తెల్లదనంలో ఇన్ని రకాలుంటాయని ఆమెకి అప్పుడే తెలిసింది. “ఇదీ మీ రంగు” అని అతను చూపించింది చూసి, “అచ్చం మా క్రీం దారమేనండీ!” అంది. అతను గొయ్యి శుభ్రం చేశాడు, మెత్తటి మందు పెట్టి దిద్దాడు, నీలం లైటు చూపించాడు. చేతికి అద్దం ఇస్తే దుర్గ పెదవి పైకెత్తి ఎంత వెతికినా ఫిల్లింగు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో కనబడలేదు.

“దారం మాత్రం కొరక్కండమ్మా” అన్నాడు డాక్టరు. “కత్తెర వాడండి. దీనితో దారం కొరికితే విరిగిపోతుంది.”

“అలాగేనండి” అంది. నిజంగానే అనుకుని అంది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కండక్టరు చిల్లర లేదు పొమ్మంటే, ఎప్పుడూ పోట్లాడే మనిషి, ఆ పూట నవ్వి ఊరుకుంది. కొంగు అడ్డం పెట్టుకోలేదు.

సాయంత్రం అరుగు మీద దుప్పటి పరుచుకుని కూర్చుంది. పక్కన కూతురు సత్యవేణి. తొమ్మిదో తరగతి. బడి నుంచి రాగానే అదీ ఓ సూది పట్టుకుంటుంది. దుర్గ దాని స్కూలు పెట్టెలోని చిన్న కత్తెర అడిగి తీసుకుని, సంపూర్ణమ్మ కంటబడకుండా మోకాలి కింద పెట్టుకుంది. ఒక పువ్వు అతికింది, కత్తెర తీసి కొస కత్తిరించింది. ఇంకో పువ్వు అతికింది, కత్తిరించింది. ఇదంతా జాగ్రత్తగా చేస్తూ కూతురికి డాక్టరు కబుర్లు చెప్తోంది. ఆ నీలం లైటు సంగతి చెప్తూ చెప్తూ తర్వాతి పువ్వు ముడి వేసి, ఎడం చేత్తో దారం బిగబట్టి, తల వంచి, టక్కున కొరికేసింది.

చిన్నప్పట్నుంచీ అలవాటైన తల. దానికి డాక్టరు మాట ఏం తెలుస్తుంది?

నోట్లో ఏదో పలుకులా తగిలి, ఒళ్ళో పడింది. నాలుక పంటి మీదికి పోయింది. గొయ్యి. పాత గొయ్యి కంటే పదునుగా ఉంది.

“అయ్యో అమ్మా! కొరికేశావా!” అంది సత్యవేణి.

ఇద్దరూ దుప్పటి మీద వంగి వెతికారు. రేకురేకూ ఎత్తి చూశారు, వేళ్ళతో తడిమారు, లైటు కిందికి లాక్కెళ్ళి దులిపారు. దొరకలేదు. ఎలా దొరుకుతుంది? క్రీం దారం మధ్యలో క్రీం రంగు పలుకు. అంత బాగా కలిపాడు ఆ డాక్టరు. దొరికితే మాత్రం ఏం చేసుకుంటుంది? అయినా దుర్గ వెతుకుతూనే ఉంది. కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే దుప్పటి మీద పడకుండా మోచేత్తో తుడుచుకుంది. మరక పడితే దానికీ డబ్బులు కోస్తారు కదా. ఆ సంగతి గుర్తొచ్చేసరికి ఏడుపు కాస్తా పోయి కోపం వచ్చింది. తన మీద, తన పాడు అలవాటు మీద, ఆ అలవాటు చేయించినవాళ్ళ మీద.

“పోనీలే అమ్మా, ఏడవకు” అంది సత్యవేణి. తల్లి ఒళ్ళోంచి దుప్పటి అంచు లాక్కుంది. “నువ్వు అతుకు. కొసలు నేను కొరికి పెడతాను. నా పళ్ళు గట్టివి.” అంటూనే ఒక దారం నోటికి అందుకుని టక్కున తెంపింది. సరిగ్గా అదే పంటితో. తల్లి తల ఎటు వంచుతుందో, అటే వంచి.

“ఇటు తిరుగు” అంది దుర్గ.

కూతురి గడ్డం పట్టుకుని లైటు వైపు తిప్పింది. పెదవి పైకెత్తింది. మల్లెమొగ్గల్లాంటి పళ్ళు. ముందు పన్ను అంచున, చూడనివాళ్ళకి కనబడనంత సన్నగా, దారం పట్టేంత గాడి.

దుర్గ ఆ పూట అన్నం కూడా తినలేదు.

మర్నాడు ఆదివారం. దుప్పటి మూట కట్టి కూతురి నెత్తిన పెట్టి, కత్తెర బొడ్లో దోపుకుని సంపూర్ణమ్మ ఇంటికి బయల్దేరింది. నీ రూలైనా మార్చుకో, నీ దుప్పటైనా నువ్వే అతుక్కో అని చెప్పేయడానికే.

తీరా చూస్తే డాబా ముందు జీపు ఉంది. కంపెనీ యజమాని చంద్రరావుగారు వచ్చారు. ఫారిన్ వాళ్ళకి పంపే పుస్తకంలో వేయడానికి ఫోటోలు కావాలట. రాజమండ్రి నుంచి ఫోటోగ్రాఫరుని వెంటబెట్టుకొచ్చారు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళంతా మంచి చీరలు కట్టుకుని వరండాలో లేసు పట్టుకుని కూర్చున్నారు.

“సహజంగా ఉండాలండీ” అంటున్నాడు ఫోటోగ్రాఫరు. “ఎవరైనా దారాన్ని అలా పంటితో కొరుకుతూ కెమెరా వైపు చూడాలి. అదైతే బ్రహ్మాండంగా ఉంటుంది.”

“అవునవును” అన్నారు చంద్రరావుగారు. “వాళ్ళకి అలాంటివే ఇష్టం.”

సంపూర్ణమ్మ ఆడవాళ్ళ మొహాలన్నీ చూసుకుంటూ వచ్చి, దుర్గ దగ్గర ఆగి, నోరు చూసి, “అదేంటే, ఆరొందలూ ఏం చేశావు? నువ్వు పక్కకి జరుగు” అంది. వెనకాల సత్యవేణి కనబడగానే మొహం విప్పారింది. “ఇదిగోనండీ, మా పిల్ల. పళ్ళు చూడండి ఎంత బావున్నాయో. రావే అమ్మా, కూచో. దారం కొరుకు.”

ఫోటో అనేసరికి పిల్ల సిగ్గుపడుతూ, సంబరపడుతూ మూట దించి స్టూలు మీద కూర్చుంది. జడ ముందుకేసుకుంది. చేతికిచ్చిన లేసు పువ్వు దారం పళ్ళ మధ్య పెట్టుకుంది. ఫోటోగ్రాఫరు వంగాడు.

దుర్గ రెండంగల్లో వెళ్ళి ఆ దారం పిల్ల నోట్లోంచి లాగేసింది. బొడ్లోంచి కత్తెర తీసి, అందరి ముందూ, కొస ముడి దగ్గరంటా కత్తిరించింది.

“కత్తెరా!” సంపూర్ణమ్మ కేక పెట్టింది. “ఎంత ధైర్యవే నీకు! ముక్క వాపసు!”

“అదేంటమ్మా, అలా కత్తెర పెడితే పువ్వు పాడవదూ?” అన్నారు చంద్రరావుగారు, నెమ్మదిగానే.

“పాడవదండి. చూసుకోండి.” దుర్గ ముక్క ఆయన చేతిలో పెట్టింది. “పువ్వు పాడైతే మా డబ్బులు కోత్తారు. మరక పడితే కోత్తారు. మీ పువ్వు పాడవకుండా మా పళ్ళు పాడవుతుంటే, ఎవరి డబ్బులు కొయ్యాలండీ? ఒక్క పన్నుకి ఆరొందలు పోశాను. ఒక్క పూట కూడా నిలబడలేదు. మీ దుప్పట్లో రాలిపోయింది. ఎక్కడో దాంట్లోనే ఉంది, రంగు కలిసిపోయింది. మీ ఫారిన్ దొరసాని దులుపుకుంటే దొరుకుద్దేమో!”

చంద్రరావుగారు చేతిలోని పువ్వు అటూ ఇటూ తిప్పి చూశారు. పువ్వుకి ఏమీ కాలేదు. “పన్ను ఖర్చు కావాలంటే తర్వాత మాట్లాడుకుందాంలేమ్మా. ముందు ఈ ఫోటో కానివ్వండి, వెలుతురు పోతోంది” అన్నారు.

పొద్దున్న తొమ్మిదన్నా కాలేదు. వెలుతురు పోవడమేంటి!

“అలాగేనండి, కానిద్దాం” అంది దుర్గ. కూతుర్ని రెక్క పట్టుకుని లేపింది. కత్తెర దాని చేతిలో పెట్టి పక్కన నిలబెట్టింది. తను స్టూలు మీద కూర్చుని, ఒక దారం అందుకుని, విరిగిన పంటి కింద పెట్టుకుని, పెదవులు బాగా వెడల్పు చేసి కెమెరా వైపు చూసింది.

ఫోటోగ్రాఫరు కెమెరా కంటి దగ్గర పెట్టుకున్నాడు. దించాడు. చంద్రరావుగారి వైపు చూశాడు. ఆయన జీపు వైపు చూశారు.

“తియ్యండి” అంది దుర్గ, దారం నోట్లోంచి తియ్యకుండానే. “నా పన్ను ఎవరూ చూడరని మా ఆయనంటాడు. మీ పుస్తకం దేశదేశాల వాళ్ళంతా చూత్తారంట కదా. తియ్యండి!”