నిచ్చెన పట్టుకునే చేతులు

ఊళ్లో సగం ఇళ్లకు వైరింగు చేసిన మనిషి ఇంట్లో కాలింగ్ బెల్లు మోగదంటే ఎవరు నమ్ముతారు చెప్పండి? పాడై కాదు. కరెంటాయనే స్వయంగా తీగ ఊడదీశాడు. బెల్లు మోగితే లేవాలి, తలుపు తీయాలి, మొహాన ఓ నవ్వు పులుముకోవాలి. అదంతా ఆయన వల్ల కావడం లేదు. నెలల తరబడి మంచమే లోకం. పనిసంచి మూలన పడి దుమ్ము కొట్టుకుపోయింది.

భార్య బేకరీలో పనిచేసి సాయంత్రం వస్తుంది. తలుపు కొట్టి, లోపల్నుంచి జవాబు వచ్చేదాకా ఆవిడ మనసు మనసులో ఉండదు. ఏదో ఒకరోజు ఆ జవాబు రాదేమోనని భయం. పైకి మాత్రం, "రాజుగారు తలుపు తీస్తారా, గుమ్మంలోనే కాపురం పెట్టమంటారా?" అంటుంది.

మనసులో పట్టిన దిగులు జబ్బుకి మందుల డాక్టరు ఇచ్చిన మాత్రలతో కాస్త తెరిపిన పడ్డాడు గానీ, అక్కడే ఆగిపోయాడు. "మాత్రలు మానకుండా, వాటితో పాటు ఆక్యుపంక్చర్ సూదుల వైద్యం చేయిద్దాం, కొందరికి తోడ్పడుతుంది" అని ఆ డాక్టరే సూదుల డాక్టరమ్మ దగ్గరికి పంపాడు.

మేడ మీద చిన్న గది. ఆకుపచ్చ కర్టెను, సన్నటి మంచం, పక్కన మీటలున్న పెట్టె. డాక్టరమ్మ నడినెత్తిన ఒకటి, కనుబొమల మధ్య ఒకటి సూదులు గుచ్చి, వాటికి క్లిప్పులు తగిలించింది.

"నాకే కరెంటు పెడతారా?" అన్నాడు. బతుకంతా అది ఒంటికి తగలకుండా కాచుకున్నవాడాయె.

"బ్యాటరీదే నాయనా. గోడలోది కాదు. తగిలీ తగలనట్టు ఉండగానే చెప్పు."

నుదుటి మీద ఎవరో చిటికెన వేలితో తడుతున్నట్టనిపించింది. కర్టెను మెల్లగా ఉబ్బి, మెల్లగా తగ్గింది. కళ్లు మూతలు పడ్డాయి. ఆయన తీగలోకి జారిపోయాడు. గోడల్లోని గొట్టాల వెంట ఇల్లిల్లూ తిరిగాడు. తను బిగించిన దీపం కింద ఓ పిల్ల బొమ్మ గీస్తోంది. ఇంకో ఇంట్లో, తను పెట్టిన ఫ్యాను కింద ఓ తాతగారు గురక పెడుతున్నాడు. ఎవరికీ మొహం చూపించక్కర్లేదు. ఎంత హాయి! ఆ సాయంత్రం అడిగి మరీ రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

ఆ హాయిలోనే కొంప ముంచుకున్నాడు. జనరేటరు వేస్తే మెయిన్ లైను తీసెయ్యాలి. రెండూ కలిశాయంటే ఇల్లు తగలబడుతుంది. అవి కలవకుండా ఎన్ని ఇళ్లలో ఛేంజోవర్ స్విచ్చులు బిగించలేదు తను! ఇప్పుడు ఒంట్లోకి సూదుల కరెంటు వస్తోంది కదా, మరి మాత్రల లైను తీసెయ్యొద్దూ? భార్య నీళ్లిచ్చి అటు తిరగ్గానే మాత్రని స్క్రూల డబ్బాలో పడేసేవాడు. ఎవర్నైనా అడగొచ్చుగా! అడగడే. కరెంటు సంగతి ఆయనకొకరు చెప్పాలా?

కొన్నాళ్లు హాయిగా తేలిపోయాడు. తర్వాత తల తిరగడం, చేతులు వణకడం మొదలైంది. సూదులు పెట్టించుకుని తీగల్లోకి జారితే, ఏ ఇల్లు చూసినా చీకటి. ఒక సాయంత్రం భార్య తలుపు కొట్టింది. మళ్లీ కొట్టింది. ఆయనకు వినబడుతూనే ఉంది, గొంతు మాత్రం లేవలేదు. ఆవిడ పెరటి కిటికీలోంచి చెయ్యి దూర్చి, తలుపు గడియ తీసుకుని వచ్చి, మంచం పక్కన కూలబడి ఏడ్చింది.

"ఉన్నానని ఒక్క మాట అంటే మీ సొమ్మేం పోయింది?"

మర్నాడు చెయ్యి పట్టుకుని సూదుల గదికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ వణికే వేళ్లను చూసింది. "మాత్రలు వేసుకుంటున్నావా?"

"లేదండి. రెండు లైన్లు కలపకూడదు కదా" అన్నాడు, తెలిసినవాడిలా. భార్య నెత్తి కొట్టుకుంది.

డాక్టరమ్మ నవ్వలేదు. "నువ్వు నిచ్చెనెక్కితే కింద ఎవరు పట్టుకునేవారు?"

ఆయన భార్యను చూపించాడు. కొత్తకాపురంలో ప్రతి పనికీ ఆవిడే వచ్చేది.

"నిచ్చెన ఆ మాత్రలు. నా సూదులు దాన్ని పట్టుకునే చేతులు. నిచ్చెన తీసేసి ఉత్త చేతుల మీద ఎక్కుతానంటే ఎలా నాయనా?"

అప్పుడే మందుల డాక్టరుకు ఫోను చేసి, తిన్నగా అక్కడికి పంపింది. ఆ డాక్టరు చీవాట్లు పెట్టి, ఎంత మోతాదుతో మళ్లీ మొదలుపెట్టాలో చెప్పాడు. దారిలో భార్య, "మీ కరెంటు చదువు నా కొంప మీదికి తెచ్చింది" అంది. ఆ రోజు నుంచి మాత్ర మింగేదాకా ఎదురుగా నిలబడేది.

రాత్రికి రాత్రే ఏమీ మారలేదు. మెల్లమెల్లగా, సూదుల కింద కళ్లు మూసుకుంటే ఒక్కో ఇంట్లో దీపం వెలగసాగింది. ఒకనాడు తీగల వెంట పోయి పోయి తన ఇంటికే చేరాడు. గుమ్మం పైన బెల్లు తీగ కొస వేలాడుతోంది. అక్కణ్ణుంచి ముందుకు దారి లేదు. బయట ఎవరో తలుపు కొడుతూనే ఉన్నారు.

భార్యకు సెలవు రోజున పనిసంచి దులిపాడు. "కాస్త నిచ్చెన పట్టుకుంటావా?"

ఆవిడ తడిచేతులతోనే పరుగెత్తుకొచ్చింది.

"అంత గట్టిగా పట్టకే, దానికి ఊపిరాడదు" అన్నాడు పైనుంచి.

తీగ కలిపి దిగాక, "బయటికెళ్లి నొక్కు" అని తలుపు వేశాడు. బెల్లు మోగింది.

"ఎవరూ?" అన్నాడు.

జవాబుగా బెల్లే మళ్లీ మోగింది. మళ్లీ. ఆవిడ నొక్కడం ఆపడం లేదని, ఏడుస్తోందని అప్పుడు అర్థమైంది.

"ఉన్నానే" అన్నాడు, గడియ మీద చెయ్యి వేసి. "లోపలే ఉన్నాను. వస్తున్నా."