సెన్సరుకు హబ్బు గ్రీజు

చక్రం వెనకనుంచి సెన్సరును పీకడానికి ఓబుళేసు పట్టుకారు తీసుకున్నాడు. దాంతో పని పడలేదు. రెండు వేళ్లతో పట్టుకోగానే అది జారి చేతిలోకి వచ్చేసింది.

అలా రాకూడదు.

గిరి ఎలా చనిపోయాడో ఓబుళేసుకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది.

తొమ్మిది రోజుల కిందట, ఉరవకొండ రోడ్డులో, కల్వర్టు ముందు వంపులో గిరి లారీ బోల్తా కొట్టింది. ఎదురుగా బండి లేదు. ఇరవై ఏళ్లుగా తిరిగిన దారి. తాగి నడిపాడని ఊరు తేల్చేసింది. గిరి తాగుడు మాని ఏడాదైన సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. నుజ్జయిన లారీని బుక్కరాయసముద్రంలో ఓబుళేసు షెడ్డుకే లాక్కొచ్చి పడేశారు. దానికి చివరిసారి పని చేసిందీ అతనే.

మే నెలలో కొత్త సెన్సరు వేశాడు. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు చక్రం బిగుసుకుపోయి బండి జారకుండా కాపాడేది ఏబీయస్. చక్రం తిరుగుతోందో లేదో దానికి చెప్పేది ఈ సెన్సరు. వేడికి కరగని సిలికాన్ గ్రీజు పూసి బిగించాలి. ఆ గ్రీజు అయిపోయింది. బెంగుళూరు నుంచి రావడానికి రెండు రోజులు పడుతుంది.

"రెండు దినాలు బండి నిలబెడితే ఎట్లన్నా? విత్తనకాయ లోడు ఉండాది" అన్నాడు గిరి.

ఓబుళేసు చేతికందిన, చక్రాల బేరింగులకు వాడే హబ్బు గ్రీజు పూసి పంపేశాడు.

వారం తర్వాత డ్యాష్‌బోర్డులో ఏబీయస్ పనిచేయడం లేదని చెప్పే దీపం వెలిగింది. గిరి వచ్చి చూపించాడు.

"ఏమప్పా, ఇది నాకు కన్ను కొడతాండాది."

"నీ మింద మనసు పడినట్టుండాది లే. అది వానలో జారకుండా పెట్టింది గిరీ. మన తావ వాన యాడ పడతాది? పడిన పొద్దు ఇంట్లో పండుకో."

ఇద్దరూ నవ్వుకున్నారు. గిరి దీపం మీద నల్ల టేపు అంటించుకుని వెళ్లిపోయాడు.

బ్రేకుల వేడికి హబ్బు గ్రీజు కరిగి కారిపోయింది. పట్టు వదిలిన సెన్సరు వెనక్కి జరిగి, ఏబీయస్ ఆగిపోయింది. గిరి చనిపోయిన సాయంత్రం ఉరవకొండలో వాన పడింది. నాలుగు నెలల తర్వాత మొదటి వాన.

"అన్నా."

ఓబుళేసు ఉలిక్కిపడ్డాడు. గేటు దగ్గర గిరి భార్య సరళ, చేతిలో ఖాళీ సంచి. ఈ తొమ్మిది రోజుల్లో ఆమె కంటతడి పెట్టలేదని అందరూ చెప్పుకున్నారు.

"ఆయప్ప సామాన్లేమన్నా ఉంటే దీంట్లో ఎయ్యి. సీసా ఉంటే మాత్రం పారెయ్. నాకు చూపించాకు."

"సీసా లేదమ్మా."

"ఎతికినావా?"

"లేదు. అయినా తెలుసు."

"నీకేం తెలుసన్నా? పాప బడికి పోనంటాది. తాగుబోతోని కూతురంటాండారంట."

ఓబుళేసు గుప్పిట మూసే ఉంది. రేపు పాత ఇనుము వాళ్లు వచ్చి లారీని ముక్కలు చేస్తారు. సెన్సరు కూడా అందులో పోతుంది. ఎవరూ అడగరు. నోరు విప్పితే మాత్రం ఈ షెడ్డు ముందు ఇక ఒక్క డ్రైవరూ బండి ఆపడు.

గుప్పిట తెరిచాడు.

"వాడు తాగలేదు సరళమ్మా. నేను చేసిన పనికి పోయినాడు."

అంతా చెప్పాడు. గ్రీజు, దీపం, టేపు, తను వేసిన జోకు.

"సరైన గ్రీజు ఎంతుంటాది?"

సొరుగులోంచి చిన్న ప్యాకెట్టు తీసిచ్చాడు. షాంపూ ప్యాకెట్టంత. చింపలేదు.

"ఇది ఎప్పుడొచ్చింది?"

"మీ ఆయన లోడుకు పోయిన రెండో దినమే."

"మరి ఎందుకు పూయలేదు?"

"దీపం చూపించను వచ్చిన పొద్దన్నా పూయాల్సింది. వాన లేదు కదా అనుకుంటి."

సరళ పాత టైరు మీద కూలబడింది.

"తొమ్మిది దినాలన్నా. ఆఖరికి శవానికి నీళ్లు పోసేటప్పుడు కూడా తిట్టినా ఆ మనిషిని. మొగం సరిగ్గా చూడలే..."

అప్పుడు ఏడ్చింది. ఓబుళేసు దగ్గరికి వెళ్లే ధైర్యం చేయలేదు.

చాలాసేపటికి ఆమె తలెత్తింది.

"రేపు పదో దినం. అందరూ వస్తారు. నువ్వొచ్చి ఈ మాట చెప్పాల."

"చెప్తా."

"పాప ముందర చెప్పాల."

ఓబుళేసు సెన్సరును చొక్కా జేబులో వేసుకున్నాడు.

"చెప్తానమ్మా."

అతను సంచి తీసుకుని, క్లీనరు వైపు తలుపు నెట్టి క్యాబిన్‌లోకి దూరాడు. టిఫిను డబ్బా, దుప్పటి, ఒక చెప్పు సంచిలో వేశాడు. తర్వాత సీటు కింద చెయ్యి పెట్టి తడిమాడు. సీటు వెనకా, పై అరలోనూ వెతికాడు. ఎక్కడా వదల్లేదు.

"ఎతికినానమ్మా. సీసా లేదు" అని లోపలి నుంచే గట్టిగా చెప్పాడు.

బయట ఆమె మళ్లీ ఏడుస్తోంది.