అద్దం ఎత్తితే చాలు

నేను ఒక హెల్మెట్‌ని. నల్లటి దాన్ని, ముఖమంతా కప్పేదాన్ని. నేను పుట్టిన కార్ఖానాలో మాలో కొన్నింటి మీద ఇనప దిమ్మె పడేసి చూసేవారు. పగలకపోతే పెట్టుకున్న తలకి ఇక ఢోకా లేదనుకునేవారు. తల లోపల పుట్టే దెబ్బకి అక్కడ పరీక్ష లేదు. అలాంటిదొకటి ఉంటుందని నాకు అమలాపురం వచ్చాకే తెలిసింది.

రోడ్డు పక్క తాడుకి వేలాడుతున్న నన్ను వంట మేస్త్రి మాణిక్యాలరావు కొన్నాడు. పోలీసు కనిపిస్తే తలకి, దాటగానే బండి హ్యాండిల్‌కి. బజారు నుంచి నాలో వంకాయలు మోసుకొచ్చిన రోజులూ ఉన్నాయి. నేనేమీ చిన్నబుచ్చుకోలేదు. అతని పనసపొట్టు కూర కోసం ముహూర్తం మార్చుకున్నవాళ్లున్నారు మరి.

అలాంటి మనిషి రుచి చూడడం మానేశాడు. గాడిపొయ్యి దగ్గర పులుసు అరచేతిలో వేసుకుని చప్పరించేవాడు కాస్తా, "మీరే చూడండ్రా" అని వచ్చి బండి పక్కన కూర్చునేవాడు. నిద్ర లేదు, తిండి సయించదు, పలకరిస్తే పలకడు.

భార్య నాగరత్నం చూసి చూసి, "మానసిక వైద్యం చేసే డాక్టరమ్మ ఉందంట. వెళ్దాం పదండి" అంది.

"పిచ్చి డాక్టరు దగ్గరికా? ఊళ్లో తెలిత్తే ఇంక మనకి ఒక్క పెళ్లి వంటైనా చెప్తారా?"

"చెప్పకపోతే మానేత్తారు. ముందు మీరుండాలి కదండీ నాకు."

చివరికి బయలుదేరాడు, నన్ను తలమీంచి తియ్యనన్న షరతు మీద. అన్నట్టే బండి దిగినా తియ్యలేదు. ఆసుపత్రి హాల్లో పక్కన కూర్చున్న ముసలావిడ తేరిపార చూసి, "ఏం బాబూ, లోపల కూడా పోలీసులున్నారా?" అంది.

"ఆయనకి చల్లగాలి పడదండి" అంది నాగరత్నం. బయట రోహిణీ కార్తె నిప్పులు చెరుగుతోంది.

డాక్టర్ సువర్చల నవ్వలేదు. "ఉంచుకోండి, పర్లేదు. అద్దం ఎత్తితే కళ్లు కనిపిస్తాయి. నాకు అది చాలు" అంది.

అతని చెయ్యి నా అద్దం దాకా వచ్చి ఆగిపోయింది. ఆవిడ తొందరపెట్టలేదు. ఎత్తాడు. కాసేపు అవీ ఇవీ అడిగాక, "బతకాలని లేదనిపిస్తోందా అండి?" అంది నెమ్మదిగా. అతన్ని అంతవరకూ ఎవరూ అడగని మాట.

"అప్పుడప్పుడండీ."

నా లోపలి స్పాంజి తడిసింది. చెమట తడి నాకు కొత్త కాదు. అది చెమట కాదు. నాగరత్నం అతని చొక్కా అంచు గట్టిగా పట్టుకుంది.

"ఇది జబ్బండి, మీ చేతగానితనం కాదు. మందులున్నాయి, నేనున్నాను. ఆ ఆలోచన మళ్లీ వస్తే దాచుకోకండి. వెంటనే ఈవిడకి చెప్పండి, నాకు ఫోన్ చెయ్యండి."

మందు వేసుకోగానే ఏమీ మారిపోలేదు. నోరెండిపోతోందని విసుక్కున్నాడు, మానేస్తానన్నాడు. నాగరత్నం బిళ్ల చేతిలో పెట్టి, నీళ్ల గ్లాసుతో పక్కనే నిలబడేది. కొన్ని వారాల తర్వాత, గుమ్మం పక్క కొక్కేనికి వేలాడుతున్న నాకు వంటింట్లోంచి మాట వినిపించింది.

"చారులో ఉప్పు తగ్గిందే."

"తగ్గిందా అండీ? నిజంగా తగ్గిందా?" అంటూ నాగరత్నం ఏడ్చేసింది. ఉప్పు తగ్గిందంటే అంత పొంగిపోయిన ఇల్లాలిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆ తర్వాత డాక్టరమ్మ గదిలో నన్ను తీసి ఒళ్లో పెట్టుకునేవాడు. హాల్లో మాత్రం తలమీదే.

ఒకనాడు ఆసుపత్రి గేటు దగ్గర ఒకాయన తువ్వాలు ముఖానికి చుట్టుకుని, లోపలికి రెండడుగులు వేస్తూ మళ్లీ వెనక్కి పోతున్నాడు.

"ఇక్కడికేనాండీ?" అన్నాడు మాణిక్యాలరావు.

"అబ్బే, పళ్ల డాక్టరు ఎక్కడా అని..."

మాణిక్యాలరావు ఆ తువ్వాలు కేసి, రోడ్డు మీద జనం కేసి చూశాడు. తర్వాత, నడిబజారులో, నన్ను తలమీంచి తీసేశాడు. తువ్వాలాయన కళ్లు పెద్దవయ్యాయి. "మీరు... వంట మేస్త్రిగారు కదూ?"

"ఆయ్, నేనేనండి. తువ్వాలు జారిపోద్ది, ఇది పెట్టుకుని రండి. లోపల అద్దం ఎత్తితే చాలు. డాక్టరమ్మ ఏవనరు."

సంగతి ఊళ్లో తెలిసింది. చేతికొచ్చిన పెళ్లిళ్లు కొన్ని జారిపోయాయి. మిగతావాళ్లు కొన్నాళ్లు గుసగుసలాడారు గానీ, పనసపొట్టు కూర మీద మమకారం చంపుకోలేకపోయారు.

తువ్వాలాయన ఆ రోజు వెళ్లేటప్పుడు నన్ను ఆసుపత్రి గేటు పక్క మేకుకి తగిలించాడు, అప్పట్నుంచి నేనక్కడే ఉంటున్నాను. కావలసినవాళ్లు పెట్టుకుని లోపలికెళ్తారు, వెళ్లేటప్పుడు మళ్లీ తగిలిస్తారు. మాణిక్యాలరావు బండికి కొత్త హెల్మెట్ కొన్నాడు. అదిప్పుడు హ్యాండిల్‌కి వేలాడుతోంది.

ఈమధ్య నన్ను తీసేవాళ్లు తగ్గారు. వస్తారు, నా వైపు చెయ్యి చాస్తారు, ఏమనుకుంటారో ఏమో, ఆ చెయ్యి దించేసి వట్టి ముఖంతోనే లోపలికెళ్తారు. నా మీద దుమ్ము పేరుకుంటోంది. మాణిక్యాలరావు మందులకి వచ్చినప్పుడల్లా చొక్కా అంచుతో తుడిచి, నా అద్దం పైకెత్తి పెట్టి, లోపలికెళ్తాడు.